స్పైక్ కొట్టని కణం

2020 మార్చిలో బెంగళూరు నుంచి జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్ వచ్చేటప్పుడు సంచిలో రెండు హార్డ్ డిస్కులు పెట్టుకున్నాను. అమ్మానాన్నలతో ఉగాది చేసుకుని, నాలుగు రోజులుండి వెళ్లిపోదామనుకున్నాను. ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. రైళ్లు అంతకుముందే ఆగిపోయాయి. వేపపువ్వు పక్కింటి చెట్టునుంచి దొరికింది గానీ, మామిడికాయ కోసం బారిడీహ్ బజారుకి వెళ్లిన నాన్న ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మరో వారానికి శ్రీరామనవమి. బిష్టుపూర్ రామమందిరానికి వెళ్లే వీలు లేదు. ఏటా జంషెడ్‌పూర్ వీధుల్లో హోరెత్తే అఖాడాల ఊరేగింపులూ లేవు.

బెంగళూరులో మా ల్యాబు మూతబడింది. మైక్రోస్కోపు కింద మళ్లీ చేపపిల్లను పెట్టి దాని మెదడు చూసేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. నా చేతిలో మిగిలినవి ఆ రెండు డిస్కులే. బతికున్న నాడీకణాల్లో వోల్టేజి ఎలా మారుతుందో వెలుగు ద్వారా పట్టిన సినిమాలు వాటిలో ఉన్నాయి. పరిశోధనలో నేను చూసినవాటిలో అన్నిటికంటే విలువైన దృశ్యం ల్యాబులో నా కంట పడలేదు. బారిడీహ్‌లో మా ఇంట్లో, వంటింటి పక్క గదిలో, పాత ల్యాప్‌టాప్ తెర మీద కనబడింది. అదేమిటో, దాన్ని చూడటానికి నాకు అంత పట్టుదల ఎందుకు కలిగిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు పల్లెనుంచి టాటా కంపెనీలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న కూడా అదే కంపెనీలో ఉక్కు కరిగించే షాపులో చేరి, అక్కడే రిటైరయ్యారు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒడియావాళ్లు, బెంగాలీలు, బిహారీలు, సంతాలీలు, మనవాళ్లు అందరూ కలిసే ఉండేవారు. ఒక ఇంట్లో కష్టమొస్తే నాలుగు భాషల్లో సలహాలు వచ్చేవి.

మా వెనకింటి పిన్ని కొడుకు నాకంటే చాలా చిన్నవాడు. బడికి వెళ్లే వయసులో వాడికి ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి నా కళ్లముందే వచ్చింది. వరండాలో గోళీలాడుతున్నవాడు ఉన్నట్టుండి చెయ్యి బిగించి ఒక పక్కకి ఒరిగిపోయాడు. కళ్లు పైకి వెళ్లిపోయాయి, నోటి వెంట నురగ వచ్చింది, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. "చాభీ దో, చాభీ!" అని ఎవరో అరిచారు. "ఇనుము పట్టించండి" అంది ఇంకొకావిడ. పిన్ని బొడ్డున ఉన్న తాళంచెవుల గుత్తి లాగి వాడి పిడికిట్లో కుక్కారు. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. తాళాల వల్లే ఆగిందని అందరూ నమ్మారు. చాలామటుకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయని, తాళాలకీ దానికీ సంబంధం లేదని అప్పుడు మాకెవరికీ తెలియదు. చేయవలసింది వేరు. మనిషిని పక్కకి ఒత్తిగిలించాలి, తలకింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి.

వాడికి ఈఈజీ తీయించడానికి వెళ్లినప్పుడు పిన్నికి తోడుగా నేనూ వెళ్లాను. తలకి జిగురు రాసి వైర్లు అతికించారు. కాగితం మీద సన్న గీతలు వరుసగా పాకుతూ పోయాయి. ఒకచోట అన్ని గీతలూ ఒక్కసారి పైకి లేచి కోసుగా కిందకి దిగాయి. డాక్టరుగారు వేలు పెట్టి చూపించి, "ఇదిగోనమ్మా, ఇక్కడ చాలా కణాలు ఒకేసారి కరెంటు వదులుతున్నాయి" అన్నారు. "ఏ కణం మొదట వదిలిందండీ?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. పుర్రె బయటనుంచి కొలిచేది వేలూ లక్షలూ కణాల మొత్తాన్ని, విడివిడిగా ఎవరు ఏం చేశారో ఇందులో తెలియదు అని చెప్పారు. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి తల మీద మొదటిసారి ఈఈజీ తీసింది 1924లో. అప్పటికీ ఇప్పటికీ ఆ పరికరం ఎంతో మెరుగైంది గానీ, నా ప్రశ్నకి మాత్రం పుర్రె బయటనుంచి జవాబు రాదు. వాడికి ఎప్టాయిన్ మాత్రలు రాసిచ్చారు. ఫిట్స్ బాగా తగ్గాయి. నా ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

నాడీకణానికి చుట్టూ ఒక పొర ఉంటుంది. మందం నాలుగైదు నానోమీటర్లు. ఊరికే ఉన్నప్పుడు పొర లోపలి వైపు బయటికంటే దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. టార్చి బ్యాటరీలో ఇరవయ్యో వంతు. వినడానికి ఏమంత కాదు. కానీ పొర అంత పలచన కాబట్టి, దాని ఆరపారగా ఉండే విద్యుత్ క్షేత్రం లెక్కకడితే మీటరుకు సుమారు కోటిన్నర వోల్టులు ఉంటుంది. గాలిలో మెరుపు పుట్టడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. ఇంత బిగువు మీద మన మెదడులోని ప్రతి కణమూ క్షణం తీరిక లేకుండా నిలబడి ఉంటుంది. ఆ బిగువు నిలబడటానికి పొరలోని పంపులు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ, ప్రతి విడతకీ ఒక ఏటీపీ అణువును ఖర్చుపెడతాయి. ఆ ఏటీపీని 1929లో లోకానికి చూపినవారిలో మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పని అది. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుందంటే, అందులో పెద్ద వాటా ఈ పంపులదే.

ఇతర కణాలనుంచి వచ్చే సంకేతాలు ఈ వోల్టేజిని కొంచెం పైకో కిందికో జరుపుతుంటాయి. అది ఒక హద్దు దాటిందంటే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. వోల్టేజి 100 మిల్లీవోల్టుల మేర ఎగిరి ఒకటి రెండు మిల్లీసెకన్లలో మళ్లీ పడిపోతుంది. దాన్నే మేం స్పైక్ అంటాం. కణం పక్కవాళ్లతో మాట్లాడే మాట అదే.

ఈ స్పైకుని నేరుగా కొలవడానికి ఎలక్ట్రోడ్డు ఒక దారి. బెంగళూరులో నేను మొదట నేర్చుకున్నది ప్యాచ్ క్లాంప్. జర్మనీలో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో తెచ్చిన పద్ధతి అది. దానికి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. గాజు గొట్టాన్ని వేడిచేసి లాగితే కొన మైక్రాన్ అంత సన్నబడుతుంది. దాన్ని కణం పొరకి ఆనించి, నోటితో మెల్లగా పీలిస్తే పొర గాజుకి అతుక్కుంటుంది. అతుకు కుదిరిందా, ఆ కణంలో ఏం జరిగినా తెర మీద స్వచ్ఛంగా కనబడుతుంది. కానీ దొరికేది ఒక్క కణం. ఆ సమయంలో దాని పక్కనున్నది ఏం చేస్తోందో తెలియదు. అతుకు కుదరక ఒక్క కణమైనా దక్కని రోజులు ఎన్నో. ఈ పద్ధతితోనే బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో వత్సలా తిరుమలై బృందం, జీబ్రాఫిష్ పిల్లల చిన్నమెదడులోని పర్కింజీ కణాలు రెండు తీరుల్లో స్పైకులు కొడతాయని 2015లో చూపించింది. ఒక తీరులో విడివిడిగా ఎడతెగకుండా, ఇంకో తీరులో గుత్తులు గుత్తులుగా. ఆ పేపరు చదివి నేను ఆ చేప మీద మనసు పారేసుకున్నాను.

జీబ్రాఫిష్ మన నేల చేపే. గంగా నది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చువేసిన పుస్తకంలోనే దాని మొదటి వర్ణన ఉంది. ఇప్పుడు లోకంలోని వేల ల్యాబుల్లో పెరుగుతోంది. అయిదారు రోజుల పిల్ల నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. ఒంట్లో నల్లరంగు లేని రకాలైతే ఆరపార కనబడతాయి. తలలో సుమారు లక్ష నాడీకణాలు. ఎక్కడా కొయ్యనక్కర్లేదు, గుచ్చనక్కర్లేదు, వెలుగు పంపితే చాలు.

వెలుగుతో వోల్టేజి చూడాలన్న ఆలోచన పాతది. 1973లోనే అమెరికాలో లారెన్స్ కోహెన్, బ్రయన్ సాల్జ్‌బర్గ్ తదితరులు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువుకి రంగు పట్టించి, స్పైక్ వచ్చినప్పుడు దాని వెలుగులో మార్పు చూశారు. ఆ మార్పు వెయ్యిలో ఒక వంతు మాత్రమే. తర్వాత జన్యువు ద్వారా కణమే తనంతట తయారుచేసుకునే ప్రోటీన్లు వచ్చాయి. 1997లో మైకా సీగెల్, ఎహుద్ ఇసకాఫ్ అలాంటి మొదటి వోల్టేజి ప్రోటీన్ చేశారు. ఈలోగా కాల్షియంతో వెలిగే జీక్యాంప్ ప్రోటీన్లు బాగా కుదిరి, అందరూ అటు మళ్లారు. 2013లో అమెరికాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో మీషా అహ్రెన్స్, ఫిలిప్ కెల్లర్ జీబ్రాఫిష్ పిల్ల మెదడులో 80 శాతానికి పైగా కణాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టేంత వివరంగా, 1.3 సెకన్లకు ఒకసారి మెదడంతా చుట్టివచ్చే సినిమా తీశారు. అది చూసి లోకమంతా ఆశ్చర్యపోయింది. నేనూ ఆశ్చర్యపోయాను.

కానీ స్పైక్ వచ్చిన తర్వాతే కాల్షియం కణం లోపలికి వస్తుంది, మెల్లగా పోతుంది. కణం అరిచిందని అది చెబుతుంది. అరవబోయి ఆగిందా, ఎవరైనా ఆపారా, అసలు ఎవరూ పలకరించక ఊరకుందా అన్నది చెప్పదు. నా ప్రశ్నకి కావలసింది అదే. అందుకే వోల్టేజినే నేరుగా చూపే ప్రోటీన్ల మీద దృష్టి పెట్టాను. 2012 నాటికి ఆడమ్ కోహెన్ బృందం హార్వర్డ్‌లో మృతసముద్రపు సూక్ష్మజీవినుంచి తీసిన ప్రోటీన్‌తో స్పైకులు చూపింది. అది వేగంగా పలుకుతుంది గానీ వెలుగు మరీ తక్కువ. 2019లో జనేలియాలో ఎరిక్ ష్రైటర్ బృందం వోల్ట్రాన్ తెచ్చింది. ఎసిటబులేరియా అనే సముద్రపు నాచునుంచి తీసిన ప్రోటీన్‌కి ఒక తగులుకొక్కెం జోడించి, ల్యూక్ లావిస్ ల్యాబులో తయారైన గట్టి రంగును దానికి తగిలించడమే అందులోని కిటుకు. ప్రోటీన్ వోల్టేజిని పసిగడుతుంది, రంగు వెలుగునిస్తుంది. చేపపిల్లను రంగునీళ్లలో కొన్ని గంటలుంచి, మంచినీళ్లలో కడిగితే ఆ జన్యువున్న కణాలకే రంగు పడుతుంది.

వోల్ట్రాన్‌తో ఒక విశేషం ఉంది. కణం స్పైక్ కొట్టినప్పుడు వెలుగు పెరగదు, తగ్గుతుంది. వోల్టేజి కిందికి దిగితే, అంటే కణాన్ని ఎవరో అణచిపెడితే, వెలుగు పెరుగుతుంది. దీన్ని గుర్తుంచుకోండి, ముందు దీనితో పని పడుతుంది.

రికార్డింగు రోజు గదంతా చీకటి. చేపపిల్లను గోరువెచ్చటి అగరోజు జెల్లీలో పెట్టి, తల పైకి వచ్చేలా సన్నటి దబ్బనంతో సర్దేదాన్ని. జెల్లీ గడ్డకట్టేలోపే సర్దెయ్యాలి. ఆకుపచ్చ లేజరు కాంతిని పలచగా పరిచి పక్కనుంచి పంపితే, ఆ ఒక్క మట్టంలో ఉన్న కణాలే వెలుగుతాయి. పైనుంచి కెమెరా చూస్తుంది. దాన్నే లైట్‌షీట్ మైక్రోస్కోపు అంటారు. చూడని మట్టాల మీద కాంతి పడదు కాబట్టి అవి పాడవవు. స్పైక్ పట్టాలంటే సెకనుకు కనీసం 500 ఫొటోలు తియ్యాలి. మామూలు వీడియోలో సెకనుకు 25 నుంచి 30 ఉంటాయి. ఫొటోకి దొరికే సమయం 2 మిల్లీసెకన్లు. అంత తక్కువ సమయంలో కణంనుంచి వచ్చే ఫోటాన్లు లెక్కపెట్టగలిగినన్నే. పైగా ఈ ప్రోటీన్ కణమంతా ఉండదు, పొర మీదే ఉంటుంది. ఒక ఫొటోలో 100 ఫోటాన్లు దొరికితే, వాటిలో సహజంగా వచ్చే ఒడిదుడుకే 10 శాతం. స్పైక్ తెచ్చే మార్పు కూడా ఇంచుమించు అంతే. అంటే స్పైక్ గోలలో కలిసిపోతుంది. 10,000 దొరికితే ఒడిదుడుకు 1 శాతానికి దిగుతుంది, స్పైక్ తేటగా బయటపడుతుంది.

అలాగని లేజరు పెంచుకుంటూ పోతే సరిపోదు. ఎక్కువ కాంతి పడితే రంగు మాడిపోతుంది, కణం వేడెక్కుతుంది, ఆపైన దాని తీరే మారిపోతుంది. మనం చూసేది అప్పుడు కణం సొంత నడవడి కాదు, మన లేజరు దెబ్బకి అది పడే అవస్థ. ఈ పనిలో నైపుణ్యమంతా కాంతిని ఎంత పొదుపుగా వాడాలన్నదాంట్లోనే ఉంది. ఫొటో వెడల్పు 512 పిక్సెళ్లు, ఎత్తు 128 పిక్సెళ్లకు కుదించి తీసినా ఒక్క నిమిషం సినిమాకి దాదాపు 4 జీబీ అవుతుంది. ఆ డిస్కులు నిండింది అందుకే.

బారిడీహ్ ఇంట్లో పని రాత్రిళ్లు సాగేది. పగలు ఇంటిపనీ, వీధిలో రేషన్ సరుకుల పంపకంలో సాయమూ. రాత్రి భోజనాలయ్యాక డిస్కు తగిలించేదాన్ని. ముందు చేప కదలికను సరిచేయాలి. జెల్లీలో ఉన్నా దాని గుండె కొట్టుకుంటుంది, ఆ అదురుకి కణాలన్నీ ఒక పిక్సెల్ అటూ ఇటూ జరుగుతాయి. అది సరిచేయకపోతే గుండె లయే మెదడు తరంగంలా కనబడి మోసం చేస్తుంది. తర్వాత ఒక్కో కణం చుట్టూ చేత్తో గీత గీసి, ఆ గీతలోపలి వెలుగు కాలంతో ఎలా మారుతోందో గ్రాఫు తీయాలి.

ఒక రాత్రి నాన్న నిద్రపట్టక వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నారు. తెర మీద బూడిదరంగు ఉంగరాలు మిణుకుమంటున్నాయి.

"ఏటమ్మా ఇది? రోజూ ఈ మచ్చలే సూస్తున్నావు."

"చేప మెదడు నాన్నా. ఒక్కో ఉంగరం ఒక్కో కణం. వాటిలో కరెంటు చూస్తున్నాను."

"వైరు లేకండా?"

"వైరు లేకుండానే. వెలుగు చూసి చెప్పొచ్చు."

ఆయన కాసేపు చూసి, "ఎంత ఎలుగు పోస్తున్నారు దాని మీద?" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. ఈ పని గురించి విన్నవాళ్లెవరూ మొదట అడగని ప్రశ్న అది. పెద్ద పెద్ద సెమినార్లలో కూడా అది చివరికి వస్తుంది. నాన్న లేచి బీరువా కింది అరలోంచి పాత రేకుడబ్బా తీశారు. అందులో చేతిపిడి ఉన్న చెక్కచట్రం, దాంట్లో బిగించిన ముదురు నీలం గాజు. ఓపెన్ హార్త్ కొలుముల కాలంలో ఆయన వాడినది. కొలిమి తలుపు రంధ్రంలోంచి లోపలి ఉక్కును ఉత్తకంటితో చూస్తే తెల్లటి జిగేలు తప్ప ఏమీ తెలియదు. నీలం గాజు ఆ జిగేలును మింగేసి, ఉక్కు ఎలా ఉడుకుతోందో, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో, పైకప్పు ఇటుక కరుగుతోందో లేదో చూపిస్తుంది. పదహారు వందల డిగ్రీల వేడిలో ఉన్న దాన్ని ముట్టుకోకుండా, దానినుంచి వచ్చే వెలుగు చూసే తెలుసుకోవాలి. "ఎక్కువసేపు సూడకూడదమ్మా. సూసినంతసేపూ తలుపు తెరిసుంటాది, లోపల ఏడి పోతాది. మన కళ్లూ పోతాయి. సిటికెలో సూసి తలుపు మూసీవాలి. ఆ సిటికెలో ఏటి సూడాలో ముందే తెలిసుండాలి" అన్నారు.

మా మైక్రోస్కోపులో కూడా అలాంటి గాజే ఉంది. కణం మీద పడే ఆకుపచ్చ లేజరును ఆపేసి, కణంనుంచి వచ్చే పసుపు వెలుగునే కెమెరాకి పంపే ఫిల్టరు. అది లేకపోతే కెమెరాకి జిగేలు తప్ప ఏమీ కనబడదు. ఆ రాత్రి నాన్నకి ఫోటాన్ల లెక్క, రంగు మాడటం, కణం వేడెక్కడం అన్నీ వివరంగా చెప్పాను. మా ఇద్దరికీ ఒకరి పని ఒకరికి అంత బాగా అర్థమైన రాత్రి అంతకుముందు లేదు. చూడటానికి ముందు ఏం చూడాలో నిర్ణయించుకోవాలన్న ఆయన మాట తర్వాత నా పద్ధతినే మార్చింది. ఎక్కువ కణాలు, ఎక్కువసేపు అన్న ఆశ వదిలి, తక్కువ కణాలను, తక్కువ కాంతితో, సరైన క్షణాన పట్టుకోవడం మీద మనసు పెట్టాను.

లాక్‌డౌన్ సడలక ముందే ఆ దృశ్యం నా కంట పడింది. చిన్నమెదడులో పక్కపక్కనే ఉన్న రెండు కణాలు. ఒకటి గుత్తులు గుత్తులుగా స్పైకులు కొడుతోంది. గ్రాఫులో అది కిందికి దిగే ముళ్ల వరుసలా ఉంది. రెండోది ఆ నిమిషమంతా ఒక్క స్పైకూ కొట్టలేదు. కాల్షియంతో చూసి ఉంటే దాన్ని పనిలేని కణమని పక్కన పెట్టేసేదాన్ని. మొదటి కణం గుత్తి కొట్టిన ప్రతి చోటునూ గీతతో గుర్తుపెట్టి, ఆ క్షణాల దగ్గర రెండో కణం గ్రాఫు ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీశాను. విడిగా చూస్తే గోలలో కలిసిపోయిన ముక్కలు సగటులో ఒక్కటై తేలాయి. మొదటిది గుత్తి కొట్టగానే రెండోదాని వెలుగు కొద్దిగా పెరిగి, పదుల మిల్లీసెకన్లపాటు అలా ఉండి, మళ్లీ దిగింది. వోల్ట్రాన్‌లో వెలుగు పెరిగిందంటే వోల్టేజి దిగింది. అంటే ఆ కణం ఊరకే లేదు. గుత్తి వచ్చినప్పుడు దాన్ని పట్టి కిందికి నొక్కుతున్నారు. నేను చూస్తున్నది ఆపడాన్ని. అరుపులను కాకుండా, అరుపు రాకుండా పట్టుకున్న పట్టును కళ్లారా చూడటం నాకు అదే మొదలు.

మొదటి కణమే రెండోదాన్ని ఆపుతోందని ఆ ఒక్క సినిమాతో తేల్చలేం. ఇద్దరినీ నడిపే మూడో కణం ఉండవచ్చు. ల్యాబు తెరిచాక గాబా సంకేతాన్ని అడ్డుకునే మందు వేసి అలాంటి జంటలను మళ్లీ చూశాను. మందు పడగానే ఆ పెరుగుదల మాయమైంది. మెదడులో ఆపమని చెప్పే ముఖ్యమైన రసాయనం గాబా. ఆపుతున్నది అదేనని రూఢి అయింది.

ఇది నాకెందుకంత ముఖ్యమో చెప్పాలంటే మళ్లీ ఫిట్స్ దగ్గరికే రావాలి. ఫిట్స్ అంటే కణాలు అతిగా అరవడమేనని అనుకుంటాం. అరుపు ఎక్కువవడం వల్ల వచ్చేవి ఉన్నాయి, ఆపేవాళ్లు చేతులెత్తేయడం వల్ల వచ్చేవీ ఉన్నాయి. డ్రావే సిండ్రోమ్ అని పసిపిల్లలకు వచ్చే మొండి మూర్ఛ ఒకటుంది. చాలామందిలో దానికి కారణం ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువులో లోపం. ఆ జన్యువు సోడియం ద్వారాన్ని తయారుచేస్తుంది. సోడియం ద్వారం తగ్గితే కణాలు తక్కువ అరవాలి కదా, మరి ఫిట్స్ ఎందుకు వస్తాయి? ఎలుకల మీద విలియం కాటెరాల్ బృందం 2006లో జవాబు చూపింది. ఆ ద్వారం లేక ఎక్కువగా దెబ్బతినేవి ఇతర కణాలను ఆపే కణాలు. ఆపేవాళ్లు నీరసించారు కాబట్టి మిగతావాళ్లు చెలరేగారు. ఫెనిటాయిన్, కార్బమజెపీన్ లాంటి మందులు సోడియం ద్వారాలను మూసే రకం. మా వెనకింటి తమ్ముడికి మేలు చేసిన ఎప్టాయిన్ అంటే ఫెనిటాయినే. అదే రకం మందు డ్రావే పిల్లలకు ఇస్తే, అసలే నీరసించిన ఆపే కణాలు ఇంకా నీరసించి, ఫిట్స్ ఎక్కువయ్యే ప్రమాదముంది. బయటికి రెండూ ఒకేలా కనబడే ఫిట్స్. లోపల కథ వేరు, మందూ వేరు. జీబ్రాఫిష్‌లోనూ ఇదే జన్యులోపమున్న పిల్లలను స్కాట్ బరాబన్ కాలిఫోర్నియాలో పెంచి, వాటి మీద మందులు వెతుకుతున్నారు. ఏ కణం అరిచిందో, ఏ కణం ఆపలేకపోయిందో ఒకే సినిమాలో చూడగలిగితే ఆ వెతుకులాట ఎంత సూటిగా సాగుతుందో ఊహించండి.

ఆ వేసవిలో ఆంక్షలు సడలాక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. ఫిట్స్ ఉన్నవాళ్లను కొలుముల దగ్గరా, ఎత్తుల మీదా పనికి పెట్టరు కాబట్టి వాడు సెల్‌ఫోన్ రిపేర్లు నేర్చుకుని బజారులో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ చూపించగానే వాడి మొదటి మాట:

"మల్టీమీటరు పెట్టకుండా వోల్టేజి ఎలా వస్తోందక్కా?"

పొర, ప్రోటీను, రంగు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత రెండో కణం గ్రాఫు మీద వేలుపెట్టి అడిగాడు.

"నాకు ఫిట్స్ వచ్చేటప్పుడు ఇది పని చెయ్యదా?"

"నీ విషయంలో ఏది చెయ్యట్లేదో చెప్పలేను రా. మనిషి పుర్రెలోంచి వెలుగు ఇంత తేటగా రాదు. ఈ జన్యువును మనిషి మెదడులో పెట్టి చూసే పద్ధతీ లేదు. మందుకి తగ్గని ఫిట్స్‌కి ఆపరేషను చేసి తీసిన మెదడు ముక్కను కొన్నాళ్లు బతికించి చూడటం మాత్రం మొదలైంది."

"అయితే మాత్ర మానకూడదు."

"మానకూడదు. ఒక్క పూట కూడా."

వాడికి నేను ఇవ్వగలిగిన నిజాయితీ జవాబు అదే. త్రివేండ్రం శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి మూర్ఛకి ఆపరేషన్లు చేస్తున్నారు. మన దేశంలో అలాంటి కేంద్రాలు పెరిగాయి. వాటి ఆపరేషను గదుల పక్కనే ఇలాంటి మైక్రోస్కోపులు ఉండాలన్నది నా కోరిక. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది మూర్ఛతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మంచి మందులుండీ వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఫిట్స్ పూర్తిగా లొంగవు. వాళ్లకోసమే ఈ పని.

ఆ 2020లోనే బారిడీహ్‌లో మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ మొదలైంది. మా వీధి పిల్లల్లో ఎవరైనా రేపు అక్కడ చదివి, ఈఈజీ గీతల ముందు నిలబడితే వాళ్లకి నేను చెప్పేది ఒకటే. గీత పైకి లేచినచోట ఎవరు అరిచారని అడగండి, దాంతోపాటే ఎవరు ఆపలేకపోయారని కూడా అడగండి. రెండో ప్రశ్నకి జవాబు చూడగల పరికరం ఇప్పుడు మనిషి చేతికి వచ్చింది. కాంతిని పొదుపుగా వాడే ఓపికా, ఏం చూడాలో ముందే తేల్చుకునే స్పష్టతా ఉంటే చేప మెదడులో అది ఈరోజే కనబడుతుంది. మనిషి రోగానికి దాన్ని చేరువ చేసే పని మిగిలి ఉంది. అది వాళ్లు చేయాలి, మేమూ చేస్తున్నాం.